యాభై ఏళ్ల నర్సరీ జీవితాన్ని దేనితో కొలవాలి?

విజయవాడలోనో గుంటూరులోనో ఒక నర్సరీ పెద్దాయనకు సన్మానం జరుగుతోందనుకోండి. శాలువా కప్పుతారు, జ్ఞాపిక చేతికిస్తారు. ఆ తర్వాత వక్త మైకు ముందుకు వచ్చి ‘వందలాది కొత్త వంగడాలను సృష్టించిన కృషీవలుడు’ అంటాడు. చప్పట్లు మోగుతాయి. నిజంగా పని తెలిసిన పెద్దాయనైతే ఆ మాటకు కుర్చీలో కాస్త ఇబ్బందిగా కదులుతాడు. తన దగ్గర వందల రకాలు ఉన్నమాట నిజమే. వాటిలో తాను పుట్టించినవి ఎన్నని ఎవరైనా నిలదీస్తే ఒకటో రెండో చెప్పగలడు, ఒక్కటీ చెప్పలేకపోయినా ఆశ్చర్యం లేదు. అంతమాత్రాన ఆయన చిన్నవాడైపోడు. చిక్కంతా ఆయనను కొలిచే కొలతలో ఉంది.

మొక్కల లోకంలో ఒకదానితో ఒకటి కలిసిపోయి కనిపించే పనులు కొన్ని ఉన్నాయి. ఉన్న రకాన్ని తేడా రాకుండా వేలల్లో పెంచడం ఒక పని. గుంపులో వేరుగా ఉన్న మొక్కను గుర్తుపట్టి విడదీయడం ఇంకొకటి. రెండు రకాలను కావాలని కలిపి మూడోదాన్ని రాబట్టడం మరొకటి. వేదిక మీద మూడింటినీ ‘సృష్టి’ అనే ఒకే సంచిలో వేస్తారు. మామిడి టెంకతో మొదలుపెడితే ఈ ముడి సులువుగా విడిపోతుంది.

బంగినపల్లి పండు తిని టెంక నాటితే బంగినపల్లి రాదు. నూజివీడు, ఆగిరిపల్లి వైపు చిన్న రైతుకు కూడా తెలిసిన సంగతే అయినా, పట్నంలో పెరటి చెట్టు పెంచుకునేవాళ్లు ఏటా కొత్తగా నేర్చుకుంటూనే ఉంటారు. మామిడి పూతలో పుప్పొడిని పువ్వు నుంచి పువ్వుకు మోసేవి ఎక్కువగా ఈగలే. ఏ చెట్టు పుప్పొడి ఏ పువ్వుకు అంటిందో ఎవరూ చెప్పలేరు. పండు గుజ్జు తల్లిచెట్టుది, కాబట్టి అది అసలైన బంగినపల్లే. టెంకలోని పిండం మాత్రం తల్లికీ, పేరు తెలియని తండ్రికీ పుట్టింది. కేరళ తీరంలోని ఓలూరు వంటి కొన్ని రకాల టెంకలో ఒకటికి మించి పిండాలు ఉంటాయి, వాటిలో తల్లిని అచ్చు గుద్దినట్టు వచ్చే మొలకలూ ఉంటాయి. మన బంగినపల్లి, నీలం, కలెక్టరు, రసాలు అలాంటివి కావు. ఒక్క టెంకకు ఒక్క మొలక, ఆ మొలక ఎలా తేలుతుందో కాపుకొచ్చేదాకా తెలియదు.

అందువల్ల మార్కెట్లో కనిపించే ప్రతి బంగినపల్లి కాయా అంటు కట్టిన చెట్టు నుంచే వస్తుంది. అంటు అంటే చెట్టులోని ఒక ముక్కను ఇంకో వేరు మీద బతికించడం. ఆ ముక్కకు మూలం ఇంకో అంటు, దానికి మూలం మరో అంటు. అలా వెనక్కి పోతే ఎప్పుడో, ఎవరి పెరట్లోనో టెంక నుంచి లేచిన ఒకే ఒక్క చెట్టు దగ్గర ఆగుతాం. లక్షల ఎకరాల్లో ఉన్నది ఆ చెట్టే. 2017లో భౌగోళిక గుర్తింపు దక్కిన బంగినపల్లి మామిడి అసలు కథ ఇది. ఆ మొదటి టెంకను నాటింది ఎవరో తెలియకపోయినా చెట్టు బతికే ఉందంటే, మధ్యలో కత్తి పట్టిన తరతరాల చేతులే కారణం.

అంటు కొత్త రకాన్ని ఇవ్వదు, ఉన్నదాన్ని నిలబెడుతుంది. ఉత్తరప్రదేశ్ మలీహాబాద్‌లో హాజీ కలీముల్లా ఖాన్ ఒకే మామిడి చెట్టు మీద మూడు వందలకు పైగా రకాలు కాయించి, 2008లో పద్మశ్రీ అందుకున్నారు. చూడటానికి అద్భుతమే. అయితే ఆ చెట్టు గొప్పతనం అంటు నైపుణ్యానిది, దాని మీద ఉన్న ఒక్కో కొమ్మా అంతకుముందే ఉన్న ఒక రకం. ఈ తేడా పట్టుకోకుండా రాసేవాళ్లు ‘మూడు వందల రకాల సృష్టికర్త’ అనేస్తారు.

ఇంతకీ ఆ కత్తి పని ఎలా ఉంటుందో దగ్గరగా చూద్దాం. మామిడి పళ్ల కాలం ముగింపులో పోగైన టెంకలను నర్సరీవాళ్లు తెచ్చి, ఆలస్యం చేయకుండా మళ్లలో వేస్తారు. మామిడి టెంకకు ఓపిక తక్కువ, నాలుగైదు వారాలు దాటితే మొలక శక్తి పడిపోతుంది. మొలిచిన టెంక మొక్కలను ఎర్రమట్టి, ఇసుక, చివికిన పశువుల ఎరువు నింపిన సంచుల్లోకి మారుస్తారు. వాటి మొదలు పెన్సిలంత లావు అయ్యాక, వానలు పడి గాలిలో తేమ నిండిన రోజుల్లో అంటు మొదలవుతుంది.

అసలు తయారీ అంతకు వారం పది రోజుల ముందే తల్లిచెట్టు దగ్గర జరుగుతుంది. ఎంచుకున్న కొమ్మకు ఆకులు తుంచేసి, కాడలు మాత్రం వదులుతారు. ఆకు లేని కొమ్మ తన శక్తినంతా కొనలోని మొగ్గకు పంపుతుంది. మొగ్గ ఉబ్బి, విచ్చుకోబోయే ముందు దాన్ని జానెడు కంటే తక్కువ పొడవుకు కోస్తారు. టెంక మొక్క తల నరికి, రాగిరంగు చిగురు ఇంకా ముదరని మెత్తటి భాగంలో రెండంగుళాల లోపు నిలువుగా చీలుస్తారు. కోసిన కొమ్మ అడుగును రెండువైపులా చెక్కి చీలికలో దించుతారు. బెరడు కింద పచ్చటి పొర ఒకటి ఉంటుంది, అది పైదానిదీ కిందిదీ కనీసం ఒకవైపు తాకాలి. తాకకపోతే మిగతాదంతా వృథా. తర్వాత పాలిథీన్ పట్టీ బిగించి చుట్టి, పైన చిన్న పాలిథీన్ గొట్టం టోపీలా తొడుగుతారు. రెండు మూడు వారాల్లో చిగురు ఆ టోపీని నెడుతుంది. చేయి తిరిగినవాళ్లకు ఒక్కో మొక్కకు పట్టేది నిమిషం, మహా అయితే ఇంకాస్త. కోసిన ముఖం మీద చెమట చుక్క పడకూడదనీ, వేలితో తాకకూడదనీ చెప్పే పెద్దలు ఇప్పటికీ ఉన్నారు.

ఇది చేతిపని, నేర్చుకోవచ్చు. నేర్పలేనిది ఇంకొకటి ఉంది. రైతు ఇవాళ కొనే అంటు చెప్పిన రకమో కాదో నాలుగైదేళ్లకు గాని తెలియదు. ఆకు చూసి కొంత చెప్పగలిగేవాళ్లు ఉన్నా, చిన్న మొక్కలో ఎంతటివాళ్లైనా పొరబడతారు. చిన్నరసం అని కొన్నది పీచు నిండిన ఏదో నాటు కాయగా తేలే సరికి రైతు భూమి, నీళ్లు, అయిదేళ్లు ఖర్చయిపోయి ఉంటాయి. ఇంత ఆలస్యంగా తప్పు బయటపడే వ్యాపారం ఇంకొకటి ఉందా అని నాకు అనుమానం. కాబట్టి నర్సరీవాడి పేరుకున్న విలువలో సింహభాగం ఆయన ఏ చెట్టు దగ్గర కొమ్మ కోశాడన్నదానిలోనే ఉంది. గిరాకీ ఎక్కువగా ఉన్న ఏడాది, తన తల్లిచెట్ల కొమ్మలు అయిపోయాక కూడా లారీ వచ్చి గేటు ముందు నిలబడుతుంది. పక్క తోటలో కొమ్మ దొరుకుతుంది, అది ఏమిటో కచ్చితంగా తెలియదు. ఆ సాయంత్రం ‘లేవు’ అని లారీని వెనక్కి పంపినవాడే యాభై ఏళ్లు నిలుస్తాడు. ఉమ్మడి రాష్ట్రంలో 2010లో ఉద్యాన నర్సరీల నియంత్రణ చట్టం వచ్చి నమోదు తప్పనిసరి అయింది. జాతీయ ఉద్యాన బోర్డు నర్సరీలకు నక్షత్రాల లెక్కన గుర్తింపు ఇస్తుంది. మంచివే. అయినా ఏ తనిఖీ అధికారీ ప్రతి కొమ్మ వెనకా నడవలేడు.

సరే, మరి కొత్త రకాలు ఎలా పుడతాయి? పాత రోజుల్లో దాదాపు అన్నీ కంటి చలవతోనే పుట్టాయి. ఏ గట్టు మీదో టెంక మొలిచి చెట్టవుతుంది. కాయ తిన్నవాళ్లలో ఒకరు ‘ఇది వేరు’ అంటారు. ఇంకొకరు కొమ్మ కోసుకుపోతారు. ఊరు ఒక పేరు పెడుతుంది. చెరుకు రసం, పంచదార కలశం, కొత్తపల్లి కొబ్బరి ఇలాంటి పేర్లన్నీ శాస్త్రవేత్తలు పెట్టినవి కావని వింటేనే తెలుస్తుంది. వేల మొలకల్లో పనికొచ్చేది ఒకటి ఉంటుంది, దాన్ని నరికేయకుండా ఆగిన మనిషి ఉండాలి. నర్సరీలో పుట్టి పెరిగినవాళ్లకు ఈ అవకాశం మిగతావాళ్ల కంటే ఎక్కువ, రోజూ వేల మొక్కలు కంటి ముందు నుంచి పోతాయి కాబట్టి. ఒక్కోసారి మొలకే అక్కర్లేదు, మామూలు చెట్టులో ఒక కొమ్మ మాత్రమే ఉన్నట్టుండి వేరే తీరుగా కాస్తుంది. మహారాష్ట్ర ద్రాక్షతోటల్లో థామ్సన్ సీడ్‌లెస్ తీగల నుంచి తాస్-ఎ-గణేశ్, సోనాకా అలా రైతులు వేరుచేసుకున్నవే.

ఈ ‘కన్ను’ ఎంత దూరం తీసుకెళ్తుందో మన వంటింట్లోనే రుజువు ఉంది. విజయవాడ బియ్యం దుకాణాల్లో హెచ్‌ఎంటీ అని రాసిన బస్తాలు చూడనివారు ఉండరు. ఆ రకాన్ని విడదీసింది మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లాకు చెందిన దాదాజీ ఖోబ్రగడే, చిన్న కమతం రైతు. 1983లో తన పటేల్-3 వరి చేలో తేడాగా కనిపించిన కొన్ని వెన్నులను విడిగా కోసి, విత్తి, మళ్లీ ఏరి, స్థిరపరిచారు. అప్పట్లో చేతి గడియారాల వల్ల అందరి నోటా ఉన్న హెచ్‌ఎంటీ పేరే దానికి పెట్టారు. తర్వాత అకోలా వ్యవసాయ విశ్వవిద్యాలయం దాన్ని శుద్ధిచేసి పీకేవీ-హెచ్‌ఎంటీగా విడుదల చేసింది. రకం రాష్ట్రాలు దాటింది, ఖోబ్రగడే మాత్రం 2018లో పేదరికంలోనే కన్నుమూశారు.

మూడో పని, కావాలని కలపడం. ఇక్కడే పంటకూ పంటకూ మధ్య కాలం లెక్క ఆకాశమంత తేడాగా ఉంటుంది. ఈ తేడా అర్థమైతే నర్సరీవాళ్లలో ఇలా కలిపి కొత్త రకాలు తీసే ప్రజననకారులు ఎందుకు అరుదో అర్థమవుతుంది. మామిడి పూగుత్తిలో వేల పూలుంటాయి, చాలావరకు మగపూలే. ఆడ, మగ భాగాలు రెండూ ఉన్న పువ్వును వెతికి, పుప్పొడి కేసరాలు తీసేసి, కావలసిన పుప్పొడి అద్ది, సంచి కట్టినా అందులో కాయ నిలిచేది ఏ ఒకటో. నిలిచిన కాయ నుంచి వచ్చిన టెంక మొలిచి కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. ఆ కాయ బాగుంటేనే తర్వాతి అడుగు, అంటే అంటు కట్టి, వేరే నేలల్లో నాటి, మళ్లీ కొన్నేళ్లు చూడాలి. ఒక్క ప్రయత్నం తేలేసరికి ఇరవై ఏళ్లు పోతాయి. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ 1970లలో ఇచ్చిన మల్లిక, ఆమ్రపాలి రెండూ నీలం, దశహరి కలిపినవే. నీలం తల్లిగా మల్లిక, దశహరి తల్లిగా ఆమ్రపాలి. ఒకే జంటకు పుట్టినా మల్లిక పెద్ద కాయ, ఆమ్రపాలి చిన్న కాయ, పొట్టి చెట్టు. ఫలితం ఎటు పోతుందో ముందే చెప్పలేని పని ఇది, మనిషి జీవితంలో రెండు మూడు తరాలకు మించి చూడలేడు. దీనికి జీతం ఆగకుండా వచ్చే సంస్థ, మనిషి వెళ్లిపోయినా నరకకుండా ఉంచే తోట కావాలి. బ్యాంకు వాయిదా కట్టాల్సిన నర్సరీ యజమాని ఎకరం భూమిని ఇరవై ఏళ్ల పందెం మీద పెట్టడమంటే సామాన్యం కాదు. పెట్టినవాళ్లు ఉన్నారంటే దండం పెట్టాలి.

మిరపది వేరే కథ. గుంటూరు నుంచి అమరావతి వెళ్లే దారిలో లాం ఫారం అనే వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉంది, 1922 నాటిది. గుంటూరు మిర్చికి ప్రపంచంలో ఉన్న పేరు వెనక ఈ పొలాల పని చాలా ఉంది. భాగ్యలక్ష్మి, సింధూర్, ప్రకాశ్ అని ముచ్చటైన పేర్లతో ఇక్కడి నుంచి రకాలు వచ్చినా, మిర్చి యార్డులో మాత్రం అంకెలదే రాజ్యం. ఎల్‌సీఏ-334ను అక్కడ ‘334’ అనే అంటారు. మిరపలో రెండు రకాలను కలపాలంటే విచ్చుకోబోయే మొగ్గను సాయంత్రం పట్టకారుతో విప్పి, పుప్పొడి తిత్తులను పగలకముందే తీసేస్తారు. మర్నాడు పొద్దున తండ్రి మొక్క పుప్పొడిని పువ్వులోని ఆడభాగం కొన (కీలాగ్రం) మీద అద్ది, తొడిమకు దారం కడతారు. ఆ దారం ఉన్న కాయే లెక్క. దాని గింజలు విత్తితే అన్నీ ఒకేలాంటి మొక్కలు వస్తాయి, సంకరం అంటే అదే. ఆ మొక్కల గింజలను మళ్లీ విత్తితే తాతముత్తాతల లక్షణాలు తలో దారీ పడతాయి. సంకర విత్తనం ప్యాకెట్ కొన్న రైతు దాని కాయల నుంచి విత్తనం కట్టుకోలేకపోవడానికి కారణం ఈ ప్రకృతి ధర్మమే గాని, చట్టం కాదు. చాలామంది చట్టాన్నే తిట్టుకుంటారు. ఆ చెల్లాచెదురైన గుంపులోంచి మంచివి ఏరుకుంటూ ఆరేడు తరాలు పోతే స్థిరమైన రకం దొరుకుతుంది. మిరపలో ఆరేడు తరాలంటే ఆరేడేళ్లు, అంటే మామిడి మొదటి కాయ చూపించే సమయం.

అయితే గుంటూరు చుట్టూ షేడ్ నెట్ల కింద మిరప నారు పెంచే నర్సరీలు రకాలు తయారుచేయవు, అందులో చిన్నతనమూ లేదు. కంపెనీ విత్తనాన్ని ప్రో ట్రేలనే గుంటల ప్లాస్టిక్ పళ్లేలలో, కొబ్బరి పొట్టులో మొలిపించి, నలభై రోజుల చుట్టూ నారు అందిస్తాయి. వలలో సందు లేకుండా చూడటమే ఇక్కడి విద్య. తెల్లదోమ దూరితే ఆకుముడత వైరస్ నారుతో పాటే చేలోకి ప్రయాణం కడుతుంది. పంట పోయిన ఏడాది తప్పు విత్తనానిదా, నారుదా, చేలో వచ్చిన పురుగుదా అని గొడవ మొదలవుతుంది. 2021-22లో నల్ల తామర పురుగులు మిరప పూతను తినేసినప్పుడు రైతుల కోపం ముందు నారు పోసినవాళ్ల మీదికి కూడా మళ్లింది. ఆ పురుగు పూలలో చేరేది, నారుమడి దాటిన చాలా రోజులకు. నష్టపోయిన మనిషికి అప్పుడు ఇది వివరించడం ఎవరి తరమూ కాదు.

ఇక పేరు, హక్కు సంగతి. ప్రభుత్వ రకాలకు వాటిని తయారుచేసిన మనుషుల పేర్లు ఉండవు, చాలావాటి ముద్రలో ఊళ్ల పేర్లుంటాయి. బాపట్లలో తయారై 1986లో విడుదలైన సాంబ మసూరికి బీపీటీ-5204 అని ముద్ర పడింది, బాపట్ల అందులో ఉంది, దాని వెనకున్న మనుషులు లేరు. దేశం బయట ప్రైవేటు నర్సరీవాళ్ల పరిస్థితీ చాలాకాలం ఇంతే. అమెరికాలో లూథర్ బర్బాంక్ ఎనిమిది వందలకు పైగా రకాలు ఇచ్చినవాడు. తన బంగాళాదుంప హక్కును 150 డాలర్లకు అమ్మి, 1875లో కాలిఫోర్నియా చేరి నర్సరీ పెట్టుకున్నాడు. మొక్కలకు పేటెంట్ ఇచ్చే చట్టం అక్కడ 1930లో వచ్చింది, ఆయన పోయిన నాలుగేళ్లకు. తర్వాత ఆయన మొక్కలకు పదహారు పేటెంట్లు వచ్చాయి. దుంపలతో పెరిగే పంటలను ఆ చట్టం మినహాయించింది, కాబట్టి ఆయన పేరు నిలబెట్టిన బంగాళాదుంపకు మాత్రం అప్పుడూ వచ్చేది కాదు.

మన దేశం 2001లో మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం చేసింది. రకం మిగతావాటి నుంచి వేరుగా ఉండాలి, మొక్కలన్నీ ఒకేలా ఉండాలి, తరాలు మారినా అలాగే ఉండాలి. ఈ మూడు పరీక్షలు దాటితే చెట్లు, తీగలకు 18 ఏళ్లు, మిగతా పంటలకు 15 ఏళ్లు రక్షణ. రైతు మాత్రం రక్షణ ఉన్న రకం విత్తనాన్ని కూడా దాచుకోవచ్చు, విత్తుకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు, బ్రాండ్ ముద్ర వేయకూడదు అంతే. నర్సరీకి ఈ వెసులుబాటు ఉందనుకుని ఎవరో నమోదు చేసుకున్న గులాబీనో జామనో వేల మొక్కలు కట్టి వ్యాపారం చేస్తే చిక్కే, అనుమతి ఉండాలి. అదే సమయంలో ఈ చట్టం ‘రైతు’ను నిర్వచించిన తీరు విశాలమైనది. సంప్రదాయ రకాలను కాపాడినవాళ్లు, ఎంపిక ద్వారా వాటి మంచి గుణాలను గుర్తించి విలువ పెంచినవాళ్లు కూడా అందులోకి వస్తారు. పాత రసం చెట్టు ఒకదాన్ని వెతికి, పేరు పోకుండా నిలిపిన నర్సరీ మనిషికి ఇక్కడ తలుపు తెరిచే ఉంది.

ఆ అవసరం ఇప్పుడు ఎక్కువైంది కూడా. తోలు పలుచగా ఉండే రసాలు దూర ప్రయాణానికి ఆగవు. విజయవాడ పక్కనున్న నున్న మామిడి మార్కెట్ నుంచి ఉత్తరాదికి లారీ ఎక్కాలంటే బంగినపల్లి లాంటి గట్టి కాయే కావాలి. రైతులు పాత చెట్లు తీసి అవే నాటుకుంటున్నారు, వాళ్లను తప్పుపట్టలేం. ఏడాదికి యాభై అంట్లు కూడా అమ్ముడుపోని రకానికి నాలుగు తల్లిచెట్లు ఉంచుకోవడం మాత్రం లెక్కల పుస్తకానికి అందని పని. నన్నడిగితే వేదిక మీద చదవాల్సిన జాబితా అది. ఎన్ని రకాలు అమ్మారన్నది కాదు, అమ్ముడుపోకపోయినా ఏవి నరకలేదో చదవాలి. ఒక్కో చెట్టు కొమ్మ ఏ ఊరి నుంచి, ఎవరి దొడ్డి నుంచి వచ్చిందో చెప్పించాలి.

చెప్పించి ఊరుకుంటే చాలదు, రాయించాలి. రైతు రకంగా నమోదుకు ఫీజు లేదు. దరఖాస్తు మీద జిల్లా వ్యవసాయాధికారో, పంచాయతీ జీవవైవిధ్య కమిటీనో, విశ్వవిద్యాలయ పరిశోధన సంచాలకులో ధ్రువీకరించాలి. మూల చెట్టు ఎక్కడిది, ఎప్పటి నుంచి సాగులో ఉంది, దగ్గరి రకాలతో తేడా ఏమిటి అన్నవి అందులో నింపాలి. చాలా నర్సరీల్లో ఆ జవాబులు డెబ్బై ఏళ్లు దాటిన ఒకే మనిషి జ్ఞాపకంలో ఉన్నాయి. మామిడి లాంటి చెట్లకు పరీక్ష కాపు మీదున్న చెట్టు దగ్గరే జరగవచ్చు కాబట్టి, కాగితాల పని పూత రాకముందే, సంక్రాంతి లోపు ముగించుకుంటే ఆ వేసవి వృథా పోదు.